సంబూ, ఫాయ్, మూడు మ్యూజియాలు

వాన రాకపోయి ఉంటే లతీర్ ఫాయ్ జన్మలో మ్యూజియం గడప తొక్కేవాడు కాదు.

స్నేహితుడి పెళ్ళికని తన ఊరు కవ్‌లాక్ నుంచి, నది మధ్య దీవి మీదున్న సెన్ లూయీ వచ్చాడు. పెళ్ళి నిన్ననే అయిపోయింది. పెళ్ళికూతుర్ని అత్తారింటికి తెచ్చే వేడుక ఆదివారం. ఈలోపు ఏం చెయ్యాలో తోచక నది ఒడ్డున నడుస్తుంటే సెప్టెంబరు వాన చెప్పాపెట్టకుండా దిగింది. ఎదురుగా పసుపు గోడల పాత మేడ, చెక్క బాల్కనీ, తెరిచిన తలుపు. పెళ్ళికి కుట్టించిన కొత్త అంగీ తడిస్తే అమ్మ బతకనివ్వదు. లోపలికి దూరాడు.

"వాన తగ్గేదాకా నిలబడతానండీ," అన్నాడు బల్ల వెనక ఉన్న పెద్దాయనతో.

"టికెట్ కొంటే ఎంతసేపైనా నిలబడు బాబూ. రిజిస్టర్లో పేరు రాయి."

రిజిస్టర్ దగ్గర అప్పటికే ఒకమ్మాయి ఉంది. నీలం గౌను, భుజాన గుడ్డసంచి, సన్నని జడలన్నీ కలిపి నెత్తిన ముడి. పేరు రాస్తోందో ముగ్గు పెడుతోందో తెలియనంత నిదానం. లతీర్ ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. 'ఒదీల్ సంబూ. హిస్టరీ టీచర్. జిగిన్‌షోర్.'

ఇంటిపేరు చదవగానే అతనికి నాలిక దురద పుట్టింది.

"పెద్దాయనా, ఈ పిల్లకి టికెట్ ఇవ్వకండి. సంబూ కదూ, మా పాలేరు. పొలంలో కలుపు తీయమంటే తప్పించుకుని వచ్చేసింది."

ఆ అమ్మాయి తల తిప్పింది. కోపమేమీ లేదు. సంతలో వంకాయల్ని చూసినట్టు అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"నీ పేరేంటి?"

"ఫాయ్. లతీర్ ఫాయ్."

"అనుకున్నా. పెద్దాయనా, మా పెరట్లో చద్దన్నం కుండ ఎత్తుకుపోయినవాడు వీడే. మూడేళ్ళుగా వెతుకుతున్నాం. దొరికాడు, చాలా సంతోషం."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఇలాంటివి ఆయన రోజూ చూస్తూనే ఉంటాడు.

ఫాయ్‌లు సెరేర్లు. సంబూలు జోలాలు. ఎప్పుడో అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే పడవలో పోతుంటే అది నడిమికి విరిగి, ఒక సగం ఉత్తరానికి, ఒక సగం దక్షిణానికి కొట్టుకుపోయిందట. అక్క సంతానం వాళ్ళు, చెల్లెలి సంతానం వీళ్ళు. అప్పట్నించీ రెండు జాతులకీ వేళాకోళం వరస. మన ఇళ్ళల్లో బావామరదళ్ళ సరసం ఉంటుందే, దానికి నాలుగు రెట్లు. ముక్కూమొహం తెలియకపోయినా ఇంటిపేరు తెలిస్తే చాలు, ఎంత మాటైనా అనుకోవచ్చు. ఒక్కటే కట్టడి. కోపం తెచ్చుకోకూడదు. వేళాకోళానికి మొహం ముడుచుకున్నవాడిని ఇంటా బయటా ఉమ్మేస్తారు.

ఇంకో కట్టడి కూడా ఉంది, ఎవరూ చెప్పరు గాని అందరికీ తెలుసు. ఆ ఇద్దరి మధ్య నోటమ్మట వచ్చిన మాట ఏదీ నిజం కింద లెక్క కాదు. లతీర్ ఆ రోజు పొద్దున దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం అంతవరకూ రాలేదు.

*

మ్యూజియం మొత్తం చూడ్డానికి లతీర్‌కి అయిదు నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి రెండో అద్దాల బీరువా దగ్గరే ఉంది.

"ఇంకా ఇక్కడేనా? నేను అన్నీ చూసొచ్చా."

"ఏం చూశావ్?"

"తక్కెళ్ళు. ఒక గంట. మంచం. పై గదిలో ఇంకో మంచం."

"ఆ పై మంచం ఎవరిది?"

"పడుకున్నవాళ్ళది."

ఆమె నవ్వింది. ముందు కళ్ళు నవ్వి, కాసేపు ఆగి, అప్పుడు పెదాలు నవ్వాయి. నవ్వు కూడా తొందరపడదన్నమాట ఈ పిల్లకి, అనుకున్నాడు లతీర్.

"ఇటు రా ఫాయ్. పక్కన అంటించిన చీటీ చదవకు, చదివితే చూడటం మానేస్తావ్. ముందు వస్తువుని చూడు. దీన్ని ఎవరు పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో అడుగు. ఆ రోజు వాళ్ళింట్లో ఏం వండారో అడుగు. ఆ తర్వాత చీటీ చదువు."

బీరువాలో ఒక చెక్క దువ్వెన ఉంది. లతీర్ చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూశాడు. బయట వాన బాల్కనీ మీద చప్పుడు చేస్తోంది. గదిలో తడి చెక్క వాసన. కాసేపటికి ఆ దువ్వెన వస్తువులా లేదు.

"రెండు పళ్ళు విరిగాయి," అన్నాడు. "పక్కపక్కవే. ఎవరో చిక్కు తియ్యడానికి బలంగా లాగారు. చిన్నపిల్ల తల అయి ఉంటుంది. ఏడ్చి ఉంటుంది."

ఒదీల్ దువ్వెన వైపు కాకుండా అతని వైపు చూసింది. "చూశావా. సెరేర్లకి కూడా కళ్ళుంటాయి, వాడరంతే."

మూడు రోజుల టీచర్ల ట్రైనింగ్‌కని వచ్చింది ఒదీల్. ఈ ఒక్కరోజు మిగుల్చుకుంది. దీవిలో మూడు చిన్న మ్యూజియాలు, తీరిగ్గా. పొద్దున ఇది, భోజనమయ్యాక జాలర్ల మ్యూజియం, ఎండ తగ్గాక ఫోటోల మ్యూజియం. రేపు పొద్దున్నే డకార్ కారెక్కి, అక్కణ్ణించి ఓడలో దక్షిణాన ఉన్న తన ఊరు జిగిన్‌షోర్ వెళ్ళిపోతుంది.

"నేనూ వస్తా," అన్నాడు లతీర్.

"నువ్వెందుకు?"

"పాలేరు మళ్ళీ పారిపోకుండా కాపలా."

"రా. సంచి మోయడానికి ఎవడో ఒకడు కావాలిగా," అని సంచి తీసి అతని మెడకి తగిలించింది.

*

భోజనం ఒక వంటావిడ పెరట్లో. పెద్ద పళ్ళెంలో ఎర్రటి చేపల అన్నం, నడిమధ్య చేప, చుట్టూ కర్రపెండలం, క్యారెట్, వంకాయ. ఆరుగురు చుట్టూ కూర్చున్నారు. ఎవరి ముందు భాగం వాళ్ళదే, పక్కవాడి హద్దులోకి చెయ్యి పోకూడదు.

"కాస్త చూసుకుని తిను సంబూ," అన్నాడు లతీర్. "మిగతా దేశానికి కూడా అన్నం కావాలి."

"మేం పండిస్తాం, మేం తింటాం. మీకు సజ్జ రవ్వ ఉందిగా. గుర్రాలకి పెట్టగా మిగిలింది."

"మా గుర్రాలు కూడా మీ వాళ్ళకన్నా మర్యాదగా తింటాయి."

"అవును, అవి పెద్దింటివి. మీరు వాటి దగ్గరే నేర్చుకుంటే బాగుండేది."

చుట్టూ ఉన్నవాళ్ళు పొలమారేలా నవ్వారు. ఆ నవ్వుల మధ్య లతీర్ తన చెయ్యి చేస్తున్న పని చూసుకుని ఆగిపోయాడు. చేప దవడ దగ్గరి మెత్తటి ముక్క, అన్నిట్లోకీ మంచిది, ముల్లు తీసి ఒదీల్ ముందుకి జరుపుతోంది ఆ చెయ్యి. అతను చెప్పలేదు దానికి. సరిగ్గా అప్పుడే ఆమె, తిట్టు ఆపకుండానే, అడుగంటిన మాడు పెళుసు ఒకటి విరిచి అతని వైపు పెట్టింది. మాడంటే తనకి ప్రాణమని ఎప్పుడు కనిపెట్టిందో ఏమో.

లతీర్‌కి ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఉప్పు ఫ్యాక్టరీ ల్యాబులో ఉప్పు తూకం, ఉప్పు రంగు చూస్తూ గడిపేస్తున్నాడు. పెళ్ళి మాటెత్తితే జోకులేసి తప్పించుకుంటాడు. అలాంటివాడికి ఎవరి పెరట్లోనో, నోట్లో అన్నం ముద్దతో, ఈ అమ్మాయి రేపు వెళ్ళిపోతే తను బాగుండడని తెలిసిపోయింది. రేపు పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఈలోపు చెప్పాలి. ఊరికే చెప్పడం కాదు, ఆమె నమ్మాలి.

*

జాలర్ల మ్యూజియం చిన్న వంతెన దాటాక, సముద్రం వైపు. ఒకటే హాలు. వాన వెలిసి, కిటికీల్లోంచి నీళ్ళు కడిగిన వెలుతురు పడుతోంది. రంగులేసిన పాత పడవ ముక్కులు గోడలకి ఆనించి ఉన్నాయి. ఇద్దరూ మెల్లగా, గడియారం లేనివాళ్ళలా తిరిగారు. ఒక పడవ కన్ను పచ్చగా, ఇంకోదాని కన్ను ఎర్రగా. ఆ ఎర్రకన్ను పడవ కోపిష్టిదని లతీర్ అన్నాడు. కాదు, నిద్ర చాలలేదని ఒదీల్ అంది. దాని మీద పావుగంట వాదించుకున్నారు.

"ఇన్ని చూసి ఏం చేస్తావ్?" అనడిగాడు.

"నవ్వకూడదు మరి."

"నవ్వను."

"మా స్కూల్లో ఒక ఖాళీ గది ఉంది. పాత బెంచీలు పడేస్తారు. దాన్ని మ్యూజియం చేద్దామని. మా పిల్లలకి చరిత్ర అంటే ఎక్కడో వేరేవాళ్ళకి జరిగిందని. వాళ్ళ తాతలు మడి తవ్విన పార, విత్తనం వడ్లు దాచిన కుండ, అవి చరిత్ర అంటే నమ్మరు. ఇప్పటికి పద్నాలుగు వస్తువులు పోగేశాను. మా హెడ్మాస్టరు దాన్ని పాత సామాన్ల కొట్టు అంటారు."

లతీర్‌కి నాలుగు జోకులు తట్టాయి. ఒక్కటీ వెయ్యలేదు.

"మా అమ్మమ్మ ఉప్పు తీసిన బుట్ట ఉంది," అన్నాడు. "తాటాకుది. ఉప్పు పట్టీ పట్టీ రాయిలా గట్టిపడింది. చనిపోయేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నీకు పంపిస్తా. అది చీటీ లేకుండా పెట్టు."

ఒదీల్ అతని మెడలో ఉన్న సంచిలోంచి నోటుపుస్తకం తీసి, 'పదిహేను: బుట్ట' అని రాసుకుంది. అతని ఫోన్ లాక్కుని తన నంబరు ఎక్కించి, తన ఫోన్‌కి ఒక రింగిచ్చి, తిరిగి ఇచ్చింది.

"బుట్ట గురించి మాట్లాడటానికే," అంది. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళల్లోకి చూడలేదు, పడవ కంట్లోకి చూసింది.

*

ఫోటోల మ్యూజియంలో మామ్ అరమ్ అనే ముసలావిడ కాపలా. మామ్ అంటే అవ్వ. ఎనభై దాటాయి, నోరు మాత్రం పదహారు. వాకిట్లో బొగ్గుల కుంపటి మీద టీ పెట్టుకుంటూ, "చూసి రండి, మూడు గ్లాసులు తాగాకే పంపిస్తా," అంది.

గోడలనిండా పాత స్టూడియో ఫోటోలు. పట్టు తలగుడ్డల అమ్మాయిలు, అరువు తెచ్చుకున్న చేతిగడియారాలు కనబడేలా చేతులు పెట్టిన కుర్రాళ్ళు. సాయంత్రపు ఎండ వాలుగా పడి గాజు పలకలన్నీ బంగారు రంగు తిరిగాయి. ఒదీల్ ఒక జంట ఫోటో ముందు ఆగింది.

"చూడు. ఒకరినొకరు చూసుకోవట్లేదు, కెమెరాకేసే చూస్తున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం. అయినా తెలిసిపోతోంది."

"ఎలా?"

"ఇద్దరూ ఊపిరి బిగబట్టారు."

లతీర్ ఫోటో చూడటం లేదు. దాని గాజులో, ఆ జంట మీద, తమ ఇద్దరి నీడలూ పడ్డాయి. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత దూరం. అతను కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

"సంబూ."

"ఊఁ."

"నువ్వంటే నాకిష్టం. నిన్ను పెళ్ళి చేసుకోవాలనుంది."

ఒదీల్ తల వెనక్కి వాల్చి హాయిగా నవ్వింది. వాకిట్లోంచి మామ్ అరమ్ కూడా, కారణం తెలియకుండానే నవ్వింది.

"అబ్బ, ఏం జోకేశావ్ ఫాయ్. పొద్దుట్నించీ ఇదే గొప్పది. ఎన్ని బస్తాల బియ్యం కోసమో అది కూడా చెప్పు."

"నిజంగా అంటున్నా."

"నేనూ నిజంగానే నవ్వుతున్నా. పాలేరుని పెళ్ళాడితే కూలి మిగులుతుందనా?"

ఇక్కడే లతీర్ తప్పు చేశాడు. వేళాకోళం కాదని ఎలా చెప్పాలో తెలియక, నవ్వటం మానేశాడు. మొహం బిగించుకుని, తిరుగుమాట అనకుండా నిలబడ్డాడు. మామూలు మనుషుల మధ్యయితే అది నిజాయితీ. ఫాయ్‌కీ సంబూకీ మధ్య దానికి ఒక్కటే అర్థం, కోపం.

ఒదీల్ నవ్వు ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"కోపం వచ్చిందా?" అంది మెల్లగా.

"కోపం కాదు, నేను..."

"కూలి మాట అనకుండా ఉండాల్సింది. హద్దు దాటాను." చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచింది. "క్షమించండి ఫాయ్ గారూ. పెద్దవాళ్ళు విన్నా నాదే తప్పంటారు."

క్షమించండి అంది. గారూ అంది. పొద్దుట్నించీ దొంగ అంటూ సంచి మోయించిన పిల్ల గారూ అనేసరికి లతీర్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఇక మూడు గ్లాసుల టీ మిగిలింది. కుంపటి మీద మూడుసార్లు కాగాలి, మూడుసార్లు పోయాలి, మధ్యలో లేచిపోతే టీ పోసేవాళ్ళని అవమానించినట్టు. గంటన్నర. ఇద్దరూ చెరో పీట మీద, చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. "టీ చాలా బాగుంది మామ్," అంది ఒదీల్ మొదటి గ్లాసుకి. "అవును, చాలా బాగుంది," అన్నాడు లతీర్. రెండో గ్లాసుకి కూడా అవే మాటలు. మూడో గ్లాసు అయ్యాక ఆమె లేచి, సంచి అతని మెడలోంచి తనే లాక్కోకుండా, అతను తీసి ఇచ్చేదాకా ఆగి అందుకుని, ఇద్దరికీ నమస్కారం చెప్పి వెళ్ళిపోయింది.

మామ్ అరమ్ గ్లాసులు కడుగుతూ తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఏరా, సంబూ మాటకి ఫాయ్ మొహం మాడ్చుకోవడమా? మా రోజుల్లో అయితే నదిలో మూడు మునకలు వేయించేవాళ్ళు."

"కోపం కాదు మామ్. ప్రేమ."

ముసలావిడ అప్పుడు తలెత్తి చూసింది. "రెండూ మొహాన ఒకేలా కనబడతాయి నాయనా. అందులో మీ సెరేర్లకి మరీను."

"మరేం చెయ్యను? నిజం చెబితే నవ్వింది. నవ్వకుండా చెబితే భయపడింది."

"నోటితో చెప్పావ్. నీ నోటికీ ఆ పిల్ల నోటికీ మధ్య ఏ మాటకీ విలువ లేదని నీకు తెలీదూ? వెళ్ళు, దీపాలు పెట్టుకోవాలి."

బసకి వెళ్ళి లతీర్ ఫోన్లో ఆరు మెసేజ్‌లు రాశాడు, ఆరూ చెరిపేశాడు. ఏడోది రాస్తుండగా అవతల్నించే వచ్చింది. 'మీ రోజు పాడుచేశాను. మన్నించండి. బుట్ట పంపనక్కర్లేదు.'

*

తెల్లవారుతూనే కార్ల స్టాండుకి పరిగెత్తాడు. డకార్ వెళ్ళే పాత కారు, ఏడుగురు నిండితే గాని కదలదు. లతీర్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అయిదుగురు ఎక్కేశారు. డ్రైవరు వెనక వరసలో, కిటికీ పక్కన ఒదీల్. కళ్ళ కింద ఉబ్బు. నిద్రపోయినట్టు లేదు.

"నమస్కారం ఫాయ్ గారూ. ఇంత పొద్దున్నే శ్రమ పడ్డారు."

"ఆ గారూ తీసెయ్. నాకు కోపం లేదు."

"నిజంగా?"

"మా అమ్మ మీద ఒట్టు. నిన్న కూడా లేదు."

ఒదీల్ గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. చూస్తుండగానే మొహంలోకి పాత వెలుగు వచ్చింది. "హమ్మయ్య. రాత్రంతా చచ్చాను. అంటే నిన్నంతా నటనేనన్నమాట. ఎంత బాగా ఏడిపించావ్, దొంగా."

"నటన కాదు."

"మరి కోపం లేదన్నావ్?"

"లేదు."

"కోపం లేకపోతే వేళాకోళం. వేళాకోళం కాకపోతే కోపం. ఏదో ఒకటి తేల్చు ఫాయ్, నన్ను చంపకు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. లతీర్ కిటికీ చట్రం పట్టుకుని నిలబడ్డాడు. ఈలోపు ఎండుచేపల బుట్టతో ఒకావిడ వచ్చి ఒదీల్ పక్కన కూలబడింది. ఆరు.

"మొగుడూ పెళ్ళాలా?" అంది ఆవిడ బుట్ట సర్దుకుంటూ.

"కాదమ్మా. సెరేర్, జోలా," అంది ఒదీల్.

"అయితే కానివ్వండి, తిట్టుకోండి. దారిలో నాకూ పొద్దుపోతుంది."

ఏడో మనిషి రానే వచ్చాడు, ఒక పొట్టేలుతో సహా. దాన్ని కారు మీద కట్టాలి. పొట్టేలు ఒప్పుకోవడం లేదు. డ్రైవరూ, దాని యజమానీ కలిసి దాని కాళ్ళు పట్టుకుని పైకి లేపుతుంటే అది ఊరంతా వినబడేలా అరిచింది. ఆ గోలే లతీర్‌కి మిగిలిన టైము.

ఏం చెప్పాలి? ఏం చెప్పినా నవ్వుతుంది, లేకపోతే గారూ అంటుంది. పొట్టేలు కాళ్ళు కట్టేశారు. తాడు ముడి వేశారు. డ్రైవరు చేతులు దులుపుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

లతీర్ కిటికీలోంచి చెయ్యి చాపాడు. ఎడమ చెయ్యి.

చేపలావిడ బుట్ట సర్దడం ఆపేసింది. ముందు వరసలో ఇద్దరు తల తిప్పి చూశారు.

అక్కడ కూడా ఎడమచేత్తో ఇవ్వరు, పుచ్చుకోరు, పళ్ళెంలో పెట్టరు. మనిషికి చాపితే తిట్టినట్టే. ఒక్కచోట తప్ప. ఇంటి మనిషి దూరం వెళుతున్నప్పుడు, మళ్ళీ చూడకుండా బతకలేమనిపించినప్పుడు, కావాలనే ఆ తప్పు చేస్తారు. కొడుకు ఓడెక్కుతుంటే తల్లి చేస్తుంది. చేసిన తప్పు దిద్దుకోవాలిగా. దిద్దుకోవాలంటే తిరిగి కలవాలి, ఎదురెదురుగా నిలబడి కుడిచెయ్యి కలపాలి. అంతవరకూ ఇద్దరి ప్రాణాలకీ ఏమీ కాకూడదని మొక్కు. దీంతో ఎవరూ ఆటలాడరు. ఎంత వేళాకోళం వరసైనా సరే, ఆడరు.

ఒదీల్ ఆ చేతినే చూస్తోంది. వస్తువుని చూసినట్టు, చీటీ చదవకుండా, తీరిగ్గా చూస్తోంది. ఉప్పుతో పగిలిన వేళ్ళు. ఎవరిది, ఎందుకు చాపారు, ఈ మనిషి రాత్రి అన్నం తిన్నాడా లేదా.

"నిన్న ఆ ఫోటో ముందు," అంది చివరికి. "నిజంగానే అడిగావా?"

లతీర్ తల ఊపాడు. నోరు విప్పితే ఎక్కడ జోకు వచ్చిపడుతుందోనని భయం.

"నేను నవ్వాను."

మళ్ళీ తల ఊపాడు.

"నిజమైతే బాగుండునని నవ్వాను," అంది ఒదీల్. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. చేపలావిడ ముందుకి వంగి అతని భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆగు నాయనా. డకార్ ఎక్కడికీ పోదు."

ఒదీల్ ఒళ్ళో ఉన్న ఎడమచెయ్యి తీసి, అతని ఎడమచేతిలో పెట్టింది. గట్టిగా పట్టుకుంది. మెత్తటి చెయ్యి కాదు, వరి మోపులు మోసీ మోసీ కాయకాసింది.

"వరికోతలకి మా అమ్మ జిగిన్‌షోర్‌లోనే ఉంటుంది," అంది. "మా మామయ్యలూ వస్తారు. మోపులు మోయడానికి మనుషులు చాలరు. సెరేర్లు దానికైనా పనికొస్తారేమో చూస్తారు."

"ఎన్ని మోపులు?"

"లెక్కపెట్టకుండా మోస్తేనే పిల్లనిస్తారు మా వైపు."

కారు కదిలింది. రెండడుగులు, మూడడుగులు లతీర్ చెయ్యి వదలకుండా పక్కనే నడిచాడు. పైన పొట్టేలు అరుస్తోంది. స్టాండు గేటు దగ్గర చెయ్యి జారిపోయింది. ఒదీల్ కిటికీలోంచి సగం బయటికి వంగింది. పొద్దుటి గాలికి జడలు ముడి వీడి మొహాన పడ్డాయి.

"లతీర్," అని పిలిచింది. నిన్నట్నించీ ఫాయ్ తప్ప ఇంకో పిలుపు లేదు. "ఆలస్యం చెయ్యకు. ఇలాంటి తప్పుని ఎక్కువరోజులు అలా ఉంచకూడదు."